అమ్మ ఎముకల్లో తవ్వకం

మార్చి 3, సోమవారం

అమ్మ వ్యాన్ సీటు మళ్ళీ విప్పా. ఈసారి స్ప్రింగులు కూడా మార్చేశా. కింద గట్టి స్పాంజి, నడుం దగ్గర మెత్తటిది, పక్కలు కొంచెం ఎత్తు. నేను పనిచేసే సీట్ల షాపులో ఓనరన్న చూసి "ఎవరికిరా ఇంత సేవ, మహారాణికా?" అన్నాడు. అవునన్నా, స్కూలు పిల్లల వ్యాన్ నడిపే మహారాణికే అన్నా.

రాయడం నాకు చేతకాదు. బడి మానేశాక పెన్ను పట్టింది సీటు కొలతలు వేసుకోడానికే. కానీ ఇంట్లో కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు, బయట తిరిగితే బుర్ర ఊరుకోదు, నోరు తెరిస్తే గొడవ. అందుకని ఇక్కడ పారబోస్తున్నా. ఎవరూ చదవక్కర్లేదు.

అమ్మకి నడుం నొప్పి. కుడి తొడ దాకా లాగుతోందంట. బ్రేకు తొక్కే కాలు కదా, లాగదా మరి. పిన్ని మాత్రం ఒకటే పాట. "అక్కా, ఒకసారి ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొద్దాం." ఏ డాక్టరమ్మ? రొమ్ము ఆపరేషన్ చేయించినావిడ. అది నేను బడి మానేసిన ఏడాది మాట. ఎడమ రొమ్ము తీసేశారు, జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది, ఇదివరకటి కంటే ఒత్తుగా వచ్చింది. అయిపోయిన కథ. నడుం నొప్పికీ దానికీ ఏంటి సంబంధం? పిన్నికి పక్కింట్లో పిల్లి తుమ్మినా భయమే.

సీటు బాగా కుదిరింది.

మార్చి 5

నొప్పి తగ్గలేదంట. స్పాంజి మరీ గట్టిదైంది. మారుస్తా.

మార్చి 7, శుక్రవారం

పిల్లల్ని దింపేసి వ్యాన్ దిగబోతే అమ్మ కుడికాలు నిలబడలేదు. తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. బళ్ళో కాపలా ఉండేవాడు ఫోన్ చేస్తే వెళ్ళా. నన్ను చూడగానే "ఏం లేదురా తూనీగా, తిమ్మిరి" అంది. చిన్నప్పటి నుంచి నన్ను తూనీగ అంటుంది, ఒకచోట వాలనని. తిమ్మిరైతే మొహం అంత తెల్లగా ఎందుకు పాలిపోతుంది?

పిన్ని ఇంక ఎవరి మాటా వినలేదు. లాక్కెళ్ళింది. స్కాన్ తీశారు.

మార్చి 10, సోమవారం

లోపలి గదిలో అమ్మ చీర సర్దుకుంటుంటే డాక్టరమ్మ నన్నూ పిన్నినీ వరండాలోకి పిలిచింది. ఆ పిలుపుతోనే నాకు ఒళ్ళు మండింది. మంచి మాటైతే లోపలే చెప్తారు కదా.

అది మళ్ళీ వచ్చిందంట. రొమ్ములో కాదు, ఎముకల్లో. నడుం దగ్గర కొంచెం, కుడి తొడ ఎముక పైభాగంలో ఎక్కువ.

"రొమ్మే లేదు, రొమ్ము క్యాన్సర్ ఎట్లా వస్తుంది?" అని అరిచా. అటు పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ.

ఆవిడ కోప్పడలేదు. గోడకి చేరబడి నిదానంగా చెప్పింది. అప్పట్లోనే కొన్ని కణాలు జారుకుని ఎముకల్లో నక్కి ఉంటాయంట. ఇన్నాళ్ళూ కిక్కురుమనలేదు. ఇప్పుడు లేచాయి.

"ఎముకంటే రాయి కాదు బాబూ, బతికున్నదే. పాత ఎముకని తవ్వి తీసేసే కణాలు కొన్ని ఉంటాయి, ఆ గుంటలో కొత్త ఎముక కట్టేవి కొన్ని. నీ ఒంట్లో, నా ఒంట్లో రోజూ జరిగే పనే. క్యాన్సర్ కణం వచ్చి అక్కడ కూర్చుని, ఇంకా తవ్వండి, ఇంకా తవ్వండి అని కబుర్లు పంపుతుంది. తవ్వకం పెరిగిపోతుంది. కట్టేవాళ్ళు అందుకోలేరు."

"అంటే అదే ఎముకని తింటోందా?"

"అది తినదు. మనవాళ్ళ చేతే తవ్విస్తుంది. తవ్వినప్పుడు ఎముకలో దాగున్న పోషకాలు బయటికొస్తాయి. వాటితో అది బలుస్తుంది. బలిసి ఇంకా తవ్విస్తుంది."

"పని మనవాళ్ళది, కూలి దానిదా?"

ఆవిడ ఒక్క క్షణం నన్నే చూసి "అంతే" అంది.

ఆపించండి మరి అన్నా. ఆపడానికే ఇంజెక్షన్ ఉందంట, తవ్వేవాళ్ళని పడుకోబెడుతుందంట. క్యాన్సర్‌కి మందు వేరే. పూర్తిగా పోదు, అణిచిపెట్టి ఉంచొచ్చు, అలా ఏళ్ళ తరబడి పనులు చేసుకుంటూ తిరిగేవాళ్ళున్నారు అంది. కానీ తొడ ఎముక మరీ పలచబడింది, తప్పటడుగు పడితే చాలు విరుగుతుంది. బండి నడపకూడదు, బరువులు ఎత్తకూడదు, చేతికర్ర లేకుండా నడవకూడదు. ఎల్లుండి రక్తపరీక్షకి తీసుకురమ్మంది.

"ఆవిడకి నేనే చెప్తాను" అని లోపలికి వెళ్ళబోతే పిన్ని చేతులు పట్టేసుకుంది. వద్దు తల్లీ, నాలుగు రోజులు ఆగండి, మా అక్క గుండె తట్టుకోలేదు. నేనూ అదే అన్నా. డాక్టరమ్మకి నచ్చలేదు. "ఎక్కువ రోజులు దాచొద్దు. వచ్చే సోమవారం నేను చెప్పేస్తాను" అంది.

అమ్మ బయటికొచ్చి "ఏమంది?" అంది.

"కాల్షియం తక్కువంట" అన్నా. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. నోట్లో రెడీగా ఉన్నట్టు వచ్చేసింది.

మార్చి 11

వ్యాన్ నడపొద్దంటే అమ్మ వినదు. అందుకని డ్రైవర్ సీటు విప్పుకుని షాపుకి తెచ్చేశా. సీటు లేకుండా ఎట్లా నడుపుతుంది? ఫ్రేము పగిలింది, వెల్డింగ్ చెయ్యాలి, టైము పడుతుంది అని చెప్పా. పిల్లల్ని వేరే వ్యాన్‌లో సర్దారు.

నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

మార్చి 12

రక్తపరీక్షకి తీసుకెళ్ళలేదు. ఆ ల్యాబ్ గుమ్మం మీద క్యాన్సర్ విభాగం అని ఇంతింత అక్షరాలు. అమ్మ చదవదా? వచ్చే వారం చూద్దాం.

మార్చి 15, శనివారం

పాత బస్సు సీటొకటి వచ్చింది రిపేరుకి. పైన రెక్జీన్ నిగనిగలాడుతోంది. నొక్కితే చెయ్యి లోపలికి దిగిపోయింది. కుట్లు విప్పి చూస్తే స్పాంజంతా ఎలకలు కొరికేసి, గుల్ల. ఆ చెత్తలోనే గూడు కట్టుకుని పిల్లల్ని పెట్టింది ఒక ఎలక.

ఆ సీటుని నేను ఎలా చీల్చానో నాకే తెలీదు. ఓనరన్న వచ్చి కత్తి లాక్కున్నాడు. "ఏమైందిరా నీకు? అది కస్టమర్ సీటు." ఏం కాలేదన్నా. "మీ అమ్మకి బాగోలేదంట కదా, పాపం..." అన్నాడు. పాపం గీపం అంటే ఊరుకోనన్నా. ఆయన రెండు టీలు చెప్పించాడు. తాగాం.

అమ్మని ఎవరైనా పాపం అంటే పళ్ళు రాలగొడతా. రాసి పెట్టుకుంటున్నా.

మార్చి 17, సోమవారం

ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. అమ్మకి కొంచెం నలతగా ఉంది, వచ్చే వారం వస్తామని ఫోన్ చేసి చెప్పేశా. అవతల నర్సు ఏదో అంటుంటే పెట్టేశా.

మార్చి 18

అమ్మ కుదురుకుంటోంది. నేను ఊరికే భయపడ్డా. నీళ్ళు బాగా తాగుతోంది, చెంబులు చెంబులు. నీళ్ళు తాగడం మంచిదే కదా. తిండి మీద మనసు లేదంటోంది, కడుపు బిగదీసినట్టు ఉందంట, ఎండలకి అంతే. బాగా నిద్రపోతోంది కూడా. పగలే పడుకుంటోంది. విశ్రాంతి పట్టుబడుతోంది.

మందుల షాపు నుంచి తనే కాల్షియం మాత్రలు తెప్పించుకుంది. పొద్దునా సాయంత్రం పాలు. "తక్కువన్నావు కదరా, నింపేద్దాం. పిల్లల పరీక్షలు మొదలయ్యేలోపు వ్యాన్ ఎక్కాలి" అంటోంది. పిన్ని నా వంక చూసింది. నేను గోడ వంక చూశా.

మాత్రలే కదా. ఎముకకి మంచిదే.

మార్చి 20, గురువారం

అమ్మ షాపుకొచ్చింది. చేతికర్ర లేకుండా. రోడ్డు దాటుకుని, ఒక్కతే.

నేను బల్ల మీద వంగి సీటు గుడ్డకి టాకాలు కొడుతున్నా. "నా సీటేది?" అని వినిపించింది. తలెత్తితే గుమ్మంలో అమ్మ. పెదాలు ఎండిపోయి, కళ్ళు ఎక్కడో చూస్తున్నాయి.

"ఇంకా కాలేదమ్మా. కూర్చో ముందు."

"కూర్చోను. పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉంటారు. అవతల బడి వదిలేశారు." అప్పటికింకా పొద్దున పదిన్నర కూడా కాలేదు.

మూలనున్న సీటు చూసింది. ఫ్రేముకి ఏమీ కాలేదని చూడగానే తెలుస్తుంది, తను ఎన్నేళ్ళ నుంచి కూర్చుంటున్న సీటు కదా. వంగి రెండు చేతులా పట్టుకుంది, ఎత్తుకుపోవడానికి. ఆ సీటు ఎత్తాలంటే నాకే నడుం పట్టేస్తుంది. నేను బల్ల మీద నుంచి ఎలా దూకానో తెలీదు. వెనక నుంచి అమ్మని పట్టేసుకున్నా. చిన్నపిల్లని పట్టుకున్నట్టు.

"వదులు తమ్ముడూ" అంది నాతో. మావయ్య అనుకుంది నన్ను.

తర్వాత నా చెప్పుల మీదే కక్కింది. ఓనరన్న ఆటో పిలిచాడు.

మార్చి 21

ఎముకలోంచి తవ్విపోసిన కాల్షియం అంతా రక్తంలోకి వస్తోందంట. అందుకే ఆ దాహం, ఆ నిద్ర, ఆ మతిమరుపు, కడుపు బిగదీయడం. అన్నీ దానివే. పైనుంచి మాత్రలు, పాలు. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే గుండె మీదికి వచ్చేది అంది డాక్టరమ్మ.

"మాత్రలు ఎవరు రాశారు?"

ఎవరూ రాయలేదు మేడమ్.

"మరి ఎందుకు వేసుకున్నారు?"

పిన్ని ఏడుస్తోంది. నేను చెప్పా. తక్కువని నేనే చెప్పా అని.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "రక్తపరీక్షకి వచ్చుంటే ఆ రోజే తెలిసేది" అని మాత్రం అంది. సెలైన్ ఎక్కిస్తున్నారు. తవ్వకం ఆపే ఇంజెక్షన్ కూడా ఇచ్చారు.

మార్చి 23, ఆదివారం

అమ్మకి తెలివి తేటపడింది. పొద్దున్నే నర్సుతో దుప్పటి మాసిపోయిందని పోట్లాడింది. ఆ గొంతు విని నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నా కాసేపు.

వచ్చేసరికి పిన్ని లేదు. బయటికి పంపేసినట్టుంది.

"కూర్చో" అంది. కూర్చున్నా.

"కాల్షియం తక్కువని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఆ డాక్టరమ్మ ఏం చెప్పింది?"

అమ్మ పక్కనున్న స్టీలు గ్లాసు తీసి విసిరింది. నా భుజం పక్క నుంచి వెళ్ళి గోడకి తగిలి గిరగిరా తిరిగింది. ఎదురు మంచం మీదావిడ దుప్పటి ముసుగేసుకుంది.

"అప్పట్లో రొమ్ములో గడ్డ ఎవరు కనిపెట్టారు? డాక్టరా? నువ్వా? నేనే కదా, నా చేత్తో. నా ఒళ్ళు నాకు ముందే చెప్తుంది, మీరు చివరాఖరికి చెప్తారు. తొడలో ఆ నొప్పి మొదలైన రోజే నాకు అనుమానం. మీ మొహాలు చూశాక అనుమానం కాదు, నిజమే అనిపించింది. అయినా నువ్వు కాల్షియం అన్నావు. మా వాడు నాతో అబద్ధం చెప్పడు, అదే అయ్యుంటుందిలే అనుకున్నా. అందుకే మింగా ఆ మాత్రలన్నీ."

ఆ ముక్క వినే బదులు గ్లాసు మొహానికి తగిలినా బాగుండేది.

"చెప్పు. అంతా చెప్పు. ఒక్క ముక్క మింగావంటే చూడు."

చెప్పా. ఎముకలో నక్కి ఉండటం, తవ్వేవాళ్ళు, కట్టేవాళ్ళు, పోషకాలు, తొడ ఎముక పలచబడటం, అన్నీ. పని మనవాళ్ళది, కూలి దానిది అని కూడా చెప్పా. అమ్మ మధ్యలో ఆపి ఆపి అడిగింది.

"అయితే నా ఎముకలే నాకు ద్రోహం చేస్తున్నాయన్నమాట."

"ద్రోహం కాదమ్మా. వాటికేం తెలుసు. తప్పుడు కబురు వెళ్తోంది, అవి నమ్మి పని చేసుకుపోతున్నాయి."

అమ్మ నన్నే చూస్తూ ఉంది. నేను లేచి గ్లాసు ఏరుకొచ్చి కడిగి పెట్టా.

అమ్మ "పోతుందా?" అంది.

"పోదంట. అణిచి ఉంచొచ్చంట."

"సరే. నేను నిన్ను అణిచి ఉంచలేదూ ఇన్నేళ్ళూ. దాన్నీ ఉంచుతా."

మార్చి 24

మావయ్య వచ్చాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు, అక్కా నీకే ఎందుకక్కా ఈ శిక్ష అని. "శిక్షేంట్రా, నేనేమన్నా నేరం చేశానా? ఏడవడానికొచ్చావా, చూడ్డానికొచ్చావా? ఏడవాలంటే మెట్ల దగ్గర ఏడ్చి రా." మావయ్య ముక్కు తుడుచుకుని కూర్చున్నాడు. ఇంక నోరెత్తితే ఒట్టు.

మధ్యాహ్నం ఎముకల డాక్టరొచ్చాడు. స్కాన్ ఫోటో చంకలో పెట్టుకుని నాతో "బాబూ, ఒకసారి బయటికి రా" అన్నాడు.

నేను లేచేలోపే అమ్మ అందుకుంది. "ఎందుకండీ, బయట ఎవరికైనా ఎముక విరిగిందా?"

ఆయన నవ్వాడు. కుర్చీ లాక్కుని అమ్మ ముందే కూర్చుని ఫోటో వెలుతురుకి పెట్టి చూపించాడు. తొడ ఎముక పైన గోడ కాగితంలా ఉంది. విరిగే దాకా ఆగకుండా ముందే తుంటి దగ్గర నుంచి మోకాలి దాకా ఎముక లోపలికి రాడ్డు దింపి స్క్రూలు బిగిస్తారంట.

"రాడ్డు వేస్తే క్యాన్సర్ పోతుందా?"

"పోదమ్మా. దానికి తర్వాత కరెంటు, అదే రేడియేషన్ పెట్టాలి, మందులు వాడాలి."

"మరి రాడ్డెందుకు?"

"మీరు నిలబడటానికి."

"మళ్ళీ వ్యాన్ నడుపుతానా?"

"అది ఇప్పుడే చెప్పలేను."

"చెప్పలేనన్నారు. అది నయం. మావాడైతే నడుపుతావు అనేసేవాడు." నా వైపు చూడకుండానే అంది. "వేసెయ్యండి. ఎప్పుడు విరుగుతుందా అని మంచం మీద కాపలా కాయడం నా వల్ల కాదు."

సంతకం నన్ను పెట్టనివ్వలేదు. తనే పెట్టింది.

మార్చి 27, గురువారం

లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసేశారు. నేను కూర్చోలేను, నిలబడలేను. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నా. పిన్ని తిట్టింది. మళ్ళీ తిరుగుతున్నా.

తవ్వేవాళ్ళకి చెప్తున్నా. వినపడుతుందో లేదో తెలీదు. ఒరేయ్, ఆ కబురు అబద్ధంరా. ఆగండిరా.

మార్చి 27, సాయంత్రం

అయింది. బాగా పట్టిందంట రాడ్డు. అమ్మ కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట "టీ ఉందా?"

మార్చి 29

నిలబెట్టారు. కసరత్తులు చేయించే కుర్రడాక్టరు వాకర్ ఇచ్చి "నెమ్మదిగా బరువు వెయ్యండమ్మా" అన్నాడు. అమ్మ పళ్ళు బిగబట్టింది. చెమటలు పట్టేశాయి. నేను పట్టుకోబోతే వాడు నా చెయ్యి తీసేశాడు. బూతులొచ్చాయి నాకు. అమ్మకి కూడా వచ్చాయి, తను మాత్రం పైకే అనేసింది. వాడికి అలవాటేనంట.

అటు గోడ దాకా వెళ్ళి గోడని అరచేత్తో చరిచి వచ్చింది. ఎందుకు చరిచావంటే "ఊరికే. వచ్చానని దానికి తెలియాలి కదా" అంది.

ఏప్రిల్ 5, శనివారం

ఇంటికొచ్చాం.

కరెంటు పెట్టడం వచ్చే వారం నుంచి. ఇంజెక్షన్ నెలనెలా. మందుల పట్టీ అమ్మ తన దగ్గరే పెట్టుకుంది, ఏది ఎందుకో డాక్టరమ్మని అడిగి మరీ. ఇంకా ఎన్నాళ్ళుంటాను అని మాత్రం అడగలేదు. ఆవిడే ఏదో చెప్పబోతే "నేను అడిగినప్పుడు చెప్పండి" అంది.

మా వాటా మేడ మీద. ఆటో దిగేసరికి కింద వాటావాళ్ళు, ఎదురింటివాళ్ళు, అందరూ గుమ్మాల్లోకి వచ్చేశారు. ఆటోవాడు కూడా వెళ్ళకుండా చూస్తూ ఉండిపోయాడు. మావయ్య ఇద్దరు మనుషుల్నీ ఒక కుర్చీనీ రెడీ చేసి పెట్టాడు, కూర్చోబెట్టి మోసుకెళ్ళడానికి. అమ్మ ఆ కుర్చీ వంక చూసింది.

"మీరు దాన్లో కూర్చుని మాట్లాడుకోండి. నేను నడిచి వెళ్తా."

"అక్కా, మెట్లక్కా!"

"తెలుసు. నా ఇల్లే."

ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు అని కుర్రడాక్టరు నేర్పాడు. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో కర్ర. ఎడమ కాలు పైకి. ఆగడం. కుడి కాలు పక్కకి చేర్చడం. ఆగడం. నేను వెనకే, రెండు చేతులూ చాచి, తగలకుండా. తగిలితే కర్రతో కొడతానని ముందే చెప్పింది.

మలుపు దగ్గర ఆగిపోయింది. ఊపిరి అందడం లేదు. కాలు వణుకుతోంది, చీర మీద నుంచి కూడా కనిపిస్తోంది. కింద ఎవరో ఆడమనిషి "పాపం, ఎంత కష్టమొచ్చింది తల్లీ" అంది గట్టిగా. నా తల తిరిగింది అటు. నేను నోరు తెరిచేలోపే అమ్మ కమ్మీ మీద నుంచి కిందికి వంగి, "అవునమ్మా, చాలా కష్టం. ఖాళీగా ఉంటే పైకొచ్చి రెండు గిన్నెలు తోమిపెట్టు" అంది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. పిన్ని నవ్వు ఆపుకోలేక మెట్ల మీదే కూలబడింది.

మిగతావి ఎక్కడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఒకచోట నా వల్ల కాదేమో అని గొణిగింది. నేను అవుతుందిలే అనలేదు. తెలీదమ్మా అన్నా. "ఊఁ" అంది. ఎడమ కాలు పైకి పెట్టింది.

పైకి వెళ్ళాం. తలుపుకి భుజం ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు ఊపిరి తీసుకుంది. మొహమంతా చెమట. తర్వాత నా వైపు చెయ్యి చాచింది.

"తాళంచెవి."

జేబులు తడుముకున్నా. ఇటు లేదు. అటు లేదు. ఆసుపత్రి సంచీలో ఉంది. సంచీ కింద ఆటోలో ఉంది.

అమ్మ కళ్ళు తెరిచి నన్ను పైనుంచి కిందికి చూసింది. మొదట మూతి బిగించుకుంది. తర్వాత ఆగలేదు. తొడ పట్టుకుని, అబ్బా అనుకుంటూ, గోడకి ఆనుకుని ఒకటే నవ్వు.

"పో. నేను మళ్ళీ దిగనురా బాబూ. ఇక్కడే నిలబడి ఉంటా."

"నిలబడగలవా?"

"ఏమో. చూద్దాం. త్వరగా రా."

రెండేసి మెట్లు దూకుతూ పరిగెత్తా. ఆటోవాడు బండి తిప్పుకుని వెళ్ళిపోతుంటే సందు చివరి దాకా వెంటపడి పట్టుకున్నా. తిరిగి మెట్ల దగ్గరికి వచ్చి తలెత్తి చూశా.

నిలబడే ఉంది.